వలయంలో దాగిన మంద

క్రిస్మస్ బల్ల మీద పెట్టే చెక్క బొమ్మల్లో ఒక చిన్న గొర్రె ఉంటుంది. బొటనవేలి గోరుకంటే కాస్త ఎత్తు. నాలుగు కాళ్ళు, వంచిన తల, వీపు మీద తెల్లరంగు. ఎవరో ఓపిగ్గా కూర్చుని చాకుతో చెక్కి ఉంటారని చూసినవాళ్ళు అనుకుంటారు. చాకు పని ఉంది కానీ అది ఆఖర్న వస్తుంది. ఈ గొర్రె విడిగా పుట్టలేదు. తనలాంటి మరో యాభై గొర్రెలతో కలిసి ఒకే చెక్క వలయంలో పుట్టింది. దాన్ని మలిచిన మనిషికి మలుస్తున్నంతసేపూ గొర్రె కనిపించనే లేదు.

ఈ పని జరిగే ఊరు సైఫెన్. జర్మనీలో సాక్సనీ రాష్ట్రానికీ చెక్ దేశానికీ సరిహద్దుగా సాగే ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లో ఉంది. 1168లో ఫ్రైబర్గ్ దగ్గర వెండి బయటపడ్డాక ఆ కొండలు కొన్ని వందల ఏళ్ళు గనుల మీదే బతికాయి. 2019లో యునెస్కో ఆ గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సైఫెన్ వాటాకు వచ్చింది తగరం. తగరం తగ్గిపోతున్నకొద్దీ గనివాళ్ళకు మిగిలినవి రెండే: చుట్టూ అడవి, కొండ దిగే వాగులు. ఖనిజం దంచే రోకళ్ళను ఆడించిన నీటి చక్రాలే మెల్లగా లేత్‌లను తిప్పడం మొదలుపెట్టాయి. ముందు గిన్నెలు, పళ్ళేలు, బొత్తాలు చేశారు. బొమ్మలు ఆ తర్వాత వచ్చాయి. 1699 నాటికే సైఫెన్ చెక్క సామాను లైప్‌జిగ్ సంతకు చేరింది.

అక్కడి పనివాళ్ళు 1800 ప్రాంతంలో ఒక పద్ధతి పట్టుకున్నారు. జర్మన్‌లో దాన్ని రైఫెన్‌డ్రేయెన్ అంటారు. ఇలాంటి పని ప్రపంచంలో ఇంకెక్కడా పెరగలేదు. అందులోని గొప్పతనం తెలియాలంటే లేత్ ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో ముందు గుర్తు చేసుకోవాలి.

ఏటికొప్పాక బొమ్మలు చూసినవాళ్ళకు లేత్ పని తెలిసే ఉంటుంది. అంకుడు కర్రను బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే కర్ర గుండ్రంగా చెక్కుకుపోతుంది. లక్క ఆనిస్తే రంగు పట్టుకుంటుంది. అక్కడ తిరుగుతున్న వస్తువే బొమ్మ. బొంగరమైనా భరిణె అయినా లేత్ ఇచ్చేది గుండ్రటి ఆకారమే. ఆవు గుండ్రంగా ఉండదు, గుర్రమూ ఉండదు. కాబట్టి లేత్ మీద గుర్రాన్ని చెయ్యడం కుదరదు అనిపిస్తుంది.

సైఫెన్ వాళ్ళు దీన్ని ఇంకో వైపు నుంచి చూశారు. లేత్ మీద ఒక చెక్క వలయాన్ని మలిచారనుకోండి. చుట్టూ ఎక్కడ అడ్డంగా కోసినా, కోసిన ముఖం మీద కనిపించే ఆకారం ఒకటే. ఆ ఆకారం గుర్రమయ్యేలా గాళ్ళూ గట్లూ మలిస్తే వలయాన్ని ఎన్ని ముక్కలు చేస్తే అన్ని గుర్రాలు. వినడానికి సులువైన లెక్క. చేతిలోకి తెచ్చుకోవడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

ముందు చెట్టు సంగతి. వాళ్ళు వాడేది స్ప్రూస్. నిటారుగా పెరిగిన మాను కావాలి. కొమ్మ పుట్టిన చోట చెక్కలో ముడి ఉంటుంది. ముడి ఉన్న చోట వలయం చీలదు, చీలినా వంకరపోతుంది. అందుకని ఒక కొమ్మల వరుసకూ పై వరుసకూ మధ్య శుభ్రంగా ఉన్న భాగాన్నే అడ్డంగా కోసి గుండ్రటి మొద్దులు తీస్తారు. అలా అడ్డంగానే ఎందుకు కొయ్యాలన్నదానిలో ఉంది అసలు తెలివి. స్ప్రూస్ నార వెంట, మధ్య నుంచి అంచు వైపుకు, తేలిగ్గా చీలుతుంది. మానుకు అడ్డంగా తీసిన మొద్దును లేత్ మీద పెడితే చెట్టు నిలువూ లేత్ ఇరుసూ ఒకే దారిలో ఉంటాయి. అప్పుడు గుర్రం ఆకారం సరిగ్గా చీలిక వచ్చే తలంలోనే పడుతుంది. రంపం అక్కర్లేదు. చాకు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే ముక్క ఊడి వస్తుంది. పొట్టు రాలదు, చెక్క వృథా కాదు. చెట్టు స్వభావాన్ని ఇంతగా చదివి దానికి తగ్గట్టు పనిముట్టును నిలబెట్టిన పద్ధతి నాకు తెలిసి చాలా అరుదు.

మొద్దులను నీళ్ళలో నానబెట్టి ఉంచుతారు. ఎండిన స్ప్రూస్‌కు అడ్డంగా ఉలి పెడితే పీచు లేచి అంచులు విరిగిపోతాయి. తడిసిన చెక్క నున్నగా తెగుతుంది. అందుకే లేత్ తిరుగుతుంటే తడి పొట్టు పొడుగాటి రిబ్బన్లుగా లేచి పనివాడి చేతుల మీద, ఆప్రాన్ మీద పడుతుంది.

ఇక మలచడం. మొద్దును లేత్‌కు బిగించి, రకరకాల వంపులున్న పొడవాటి ఉలులు తీసుకుని ముందు ఒక ముఖం మీద పని మొదలుపెడతాడు. ఎదురుగా కనిపించేది ఒకదానిలో ఒకటి ఉన్న గుండ్రటి గాళ్ళు. లోతైన గాడి ఒకటి, పక్కన పలచటి గట్టు, మళ్ళీ ఒక సన్నటి గాడి. ఏ గాడి కాళ్ళ మధ్య ఖాళీ అవుతుందో, ఏ గట్టు గిట్ట అవుతుందో ఆయన తలలో ఉంటుంది. సగం ఆకారం అయ్యాక వలయాన్ని మొద్దు నుంచి వేరు చేసి, తిరగేసి, మళ్ళీ బిగిస్తాడు. ఇప్పుడు రెండో ముఖం. ఇందాక మలిచిన సగం అవతలికి వెళ్ళిపోయింది, కంటికి అందదు. దానికి సరిపోయేలా మిగతా సగం మలచాలి. మెడ వంపు ఇవతల వెంట్రుకవాసి ఎక్కువ తెగితే అవతలి గాడిని కలిసి మెడే తెగిపోతుంది. తక్కువ తెగితే గుర్రానికి ఎద్దు మెడ వస్తుంది. తల వెనక పల్లం, దవడ కింద ఖాళీ లాంటి చోట్ల ఉలిని నేరుగా దించడం కుదరదు. కొన వంచి లోపలికి దూర్చి తియ్యాలి. చెక్క మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

తప్పు జరిగితే ఒక్క గుర్రం పాడవదు. వలయం మొత్తం పాడవుతుంది. ఒప్పు జరిగితే మందంతా ఒకేసారి బాగుంటుంది. మామూలు శిల్పి చెక్కుతూ చూస్తాడు, చూసి దిద్దుకుంటాడు. ఈయనకు ఆ వెసులుబాటు లేదు. పని పూర్తయి వలయం చీలి మొదటి ముక్క ఊడి వచ్చేదాకా తాను చేసింది ఆయనకు కూడా కనిపించదు. చెవిని బట్టి, చేతికి తగిలే అదురును బట్టి, పొట్టు మందాన్ని బట్టి లోతు తెలుసుకునే స్థాయికి రావడమంటే సంవత్సరాల సాధన.

ఒక వలయం నుంచి, బొమ్మ పరిమాణాన్ని బట్టి, నలభై నుంచి అరవై ముక్కలదాకా వస్తాయి. వలయం నుంచి చీలిన ముక్క కదా, బయటి అంచు వైపు కాస్త మందంగా, లోపలి వైపు కాస్త పలచగా ఉంటుంది. కాళ్ళు కూడా ఇంకా నాలుగు కావు, ముందొకటి వెనకొకటి. ఇక్కడి నుంచి చాకు పని. కాళ్ళ మధ్య చీల్చి రెండింటిని నాలుగు చేస్తారు. పలకగా ఉన్న పొట్టనూ వీపునూ గుండ్రంగా దిద్దుతారు. చెవులు, కొమ్ములు, తోక విడిగా చేసి అతికిస్తారు. రంగులు వేస్తారు. ఒక్కొక్క గొర్రె చేతిలో ఉండేది కాసేపే, కానీ అది చేతులు మారుతూ పోతుంది. ఆ చేతులన్నీ సాధారణంగా ఒకే ఇంటివి.

అంత చిన్న బొమ్మకు అంత పెద్ద విద్య ఎందుకు పుట్టిందంటే పేదరికం వల్ల. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో సైఫెన్ బొమ్మల ధర నిర్ణయించింది వ్యాపారులు. జంతువులు అరవైల లెక్కన అమ్ముడుపోయేవి. ఒక్కోటి చెక్కుతూ కూర్చుంటే కూలి గిట్టదు. వలయం పద్ధతిలో ఒకేసారి మంద తయారవుతుంది కాబట్టి గిట్టింది, అదీ అంతంత మాత్రమే. ఇళ్ళల్లో దీపాల కింద చిన్నపిల్లలు కూడా చెవులు అతికించి రంగులు వేశారు. ఆ రోజుల్లో యూరప్‌లోనూ అమెరికాలోనూ నోవహు ఓడ బొమ్మకు గొప్ప గిరాకీ. కట్టుబాట్లున్న ప్రొటెస్టెంట్ ఇళ్ళల్లో ఆదివారం నాడు మిగతా ఆటలు కుదరవు. బైబిలు కథ కాబట్టి ఓడతో మాత్రం ఆడుకోనిచ్చేవారు. ఒక్కో పెద్ద ఓడలో వందల జంతువులు జతలు జతలుగా ఉండేవి. ఈ వలయాలు లేకపోతే ఆ ఓడ అంత నిండేది కాదు. దూరదేశంలో ఒక పిల్లాడు ఏనుగుల జతను వరుసలో నిలబెట్టుకున్నాడంటే, ఆ ఏనుగుల కాళ్ళు చీల్చింది వాడి వయసు పిల్లే అయివుంటుంది. ఆ పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు ఇదీ గుర్తుండాలి.

ఇలాంటి బొమ్మలను 'ఒకే తీరు సరుకు, కళ కాదు' అని పక్కన పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళతో నేను ఏకీభవించను. ఒక్కటి గొప్పగా చెయ్యడం ఒక విద్య. అరవైని ఒకేసారి, చూడకుండా, ఒక్కదానిలోనూ మెడ తెగకుండా చెయ్యడం ఇంకో విద్య. రెండోదాన్ని తక్కువ చేసి చూడటానికి నాకు కారణం కనిపించదు.

ఈ గొర్రెలు బల్ల మీదికి ఎలా వస్తాయో చూద్దాం. ఎర్ట్స్‌గెబిర్గె ఇళ్ళల్లో క్రిస్మస్ బల్ల మధ్య నిలబడేది పిరమిడ్. చెక్కతో చేసిన అంతస్తుల గోపురం, అడుగున చుట్టూ కొవ్వొత్తులు, పైన పలచటి చెక్క రెక్కల చక్రం. అంతస్తుల్లో గుండ్రటి పళ్ళేల మీద పశువుల తొట్టి, బాలయేసు, గొర్రెల కాపరులు, తూర్పు దేశపు జ్ఞానులు, గనివాళ్ళు, అడవి జంతువులు ఉంటాయి. కొవ్వొత్తులు వెలిగిస్తే వేడిగాలి పైకి లేచి రెక్కలను తోస్తుంది. పళ్ళేలన్నీ ఒకే ఇరుసుకు ఉన్నాయి కాబట్టి మంద, కాపరులు, జ్ఞానులు అందరూ కలిసి నడక సాగిస్తారు. విద్యుత్తు లేదు, చావి ఇవ్వడం లేదు.

నాలుగు కొవ్వొత్తుల వేడి ఎంత? ఆ కాస్త బలానికి అన్ని బొమ్మలున్న ఇరుసు తిరగాలంటే రాపిడి దాదాపు లేకుండా ఉండాలి. అందుకే ఇరుసు అడుగున సూదిమొన లాంటి ఉక్కు కొన పెట్టి, దాన్ని గాజుతోనో పింగాణీతోనో చేసిన చిన్న గుంటలో నిలబెడతారు. బరువంతా ఆ మొన మీదే. పైన ఇరుసు ఒక చిన్న రంధ్రంలో వదులుగా ఆడుతుంటుంది. రెక్కలను చక్రపు బొడ్డులో గుండ్రటి కాడలతో గుచ్చుతారు కాబట్టి ఒక్కోదాన్ని మెలితిప్పి వాలు సరిచేసుకోవచ్చు. మరీ నిలువుగా పెడితే గాలి తోపు చాలదు, మరీ బల్లపరుపుగా పెడితే గాలి కింద ఆగిపోతుంది. ఒక్క పళ్ళెం మీద బొమ్మలు ఒక పక్కకు బరువైనా ఇరుసు ఒరిగి ఆగిపోతుంది. ఏ గొర్రె ఎక్కడ నిలబడాలో తూకం చూసి అతికించాలి. గొర్రెలన్నీ ఒకే వలయం నుంచి వచ్చినవైతే ఈ తూకం తేలికవుతుంది.

పిరమిడ్ పక్కన దేవదూతల బొమ్మలు కూడా ఉంటాయి. వీటి తీరు వేరు. 1915లో గ్రేటె వెంట్, గ్రేటె క్యూన్ అనే ఇద్దరు యువతులు గ్రూన్‌హైనిషెన్ అనే ఊళ్ళో ఒక కార్ఖానా పెట్టారు. 1920లలో వాళ్ళు చేసిన వాయిద్యాల దేవదూతలు ఇప్పటికీ అదే రూపంలో వస్తున్నాయి: గుండు బుగ్గల పిల్లలు, చేతిలో ఫిడేలో వేణువో, ఆకుపచ్చ రెక్కలు, రెక్కల మీద తెల్ల చుక్కలు. చుక్కలు పదకొండు. ఒక్కోటి చేత్తో పెట్టినవి. లెక్క తప్పితే ఆ బొమ్మ వాళ్ళది కాదు. 1937 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో వీళ్ళ పనికి బంగారు పతకం వచ్చింది. నాకు ముచ్చటగా అనిపించేది ముఖాలే. కళ్ళు రెండు చుక్కలు, నోరు ఒక చిన్న గీత. ఫిడేలు వాయించే పిల్ల తన స్వరం తాను వింటున్నట్టు తల కాస్త ఒక పక్కకు వంచి ఉంటుంది. ఆ వంపు రావాలంటే మెడ దగ్గర చెక్కను ఏటవాలుగా కోసి అతికించాలి.

బొమ్మల వెనక నిలబడే చెట్లు కూడా విడిచిపెట్టదగ్గవి కావు. లిండెన్ కర్ర పుల్లను పట్టుకుని పదునైన ఉలితో పై నుంచి కిందికి పలచటి పొర లేపుతారు. పొర పూర్తిగా తెగకుండా అడుగున అంటిపెట్టుకుని ఉండాలి, కొన చుట్ట చుట్టుకోవాలి. పుల్ల చుట్టూ తిప్పుతూ వరస మీద వరస లేపితే గుబురు కొమ్మల చెట్టు తయారవుతుంది. జిగురు లేదు, అతుకు లేదు. చెట్టంతా ఒకే పుల్ల.

కటకటా పళ్ళతో కాయలు కొరికే రాజు బొమ్మను ప్రపంచమంతా ఎరుగును. దాన్ని ఇప్పటి రూపానికి తెచ్చింది సైఫెన్‌లోనే, 1870 ప్రాంతంలో, విల్హెల్మ్ ఫ్యూష్ట్‌నర్. నోట్లోంచి సాంబ్రాణి పొగ వదిలే బొమ్మలూ అక్కడివే. వాటి గురించి చాలామంది రాశారు కాబట్టి ఇక్కడ ఆగను.

కిటికీలో పెట్టే దీపాల తోరణం, ష్విబ్‌బోగెన్, బల్ల మీదిది కాకపోయినా పండుగ ఇంటికి ముఖం లాంటిది. తెలిసినంతలో అన్నిటికంటే పాతది 18వ శతాబ్దం మొదటి సగంలో యోహాన్‌గేయోర్గెన్‌ష్టాట్‌లో గని కమ్మరి ఇనుముతో చేసినది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే నమూనాను 1937లో పౌలా యోర్డాన్ గీసింది. అందులో ఇద్దరు గనివాళ్ళు, ఒక చెక్కపనివాడు, లేసు అల్లే ఒక స్త్రీ ఉంటారు. ఆ కొండల్లో అన్నం పెట్టిన మూడు పనులూ ఒకే తోరణం కింద నిలబడ్డాయి. చలికాలంలో పొద్దు పొడవకముందే గనిలోకి దిగి పొద్దు కుంకాక పైకొచ్చే మనిషికి వెలుగు మీద ఉండే ఆశ ఆ కిటికీలన్నిటిలోనూ కనిపిస్తుంది. కొన్ని ఇళ్ళల్లో కొడుకుకు ఒక గనివాడి బొమ్మ, కూతురుకు ఒక దేవదూత బొమ్మ చొప్పున కొవ్వొత్తులు చేతపట్టించి నిలబెడతారు. వీధిలో నడిచేవాళ్ళు ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలో లెక్కపెట్టుకోవచ్చు.

ఇంత అలంకరణ మధ్య, క్రిస్మస్ ముందు రోజు రాత్రి, ఆ బల్ల మీద తొమ్మిది రకాల భోజనం వడ్డిస్తారు. అక్కడి యాసలో నైనర్‌లా అంటారు. బల్లగుడ్డ కింద గడ్డి పరకలు పెడతారు, యేసు పుట్టిన తొట్టిని తలుచుకుంటూ. కంచాల కింద ఒక్కో నాణెం. రకాలు ఇంటికో తీరుగా మారతాయి కానీ పప్పుధాన్యం, పిండి ఉండలు, పులిసిన క్యాబేజీ, సాసేజి సాధారణంగా తప్పవు. చిల్లర డబ్బులకు లోటు రాకూడదని పప్పు, పెద్ద డబ్బు రావాలని ఉండలు, మనసులో ఆప్యాయతా ఒంట్లో బలమూ నిలవాలని సాసేజి. అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఒక కంచం ఎక్కువగా పెడతారు. భోజనం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. గనిలో దిగినవాడు తిరిగి వస్తాడో రాడో తెలియని ఇళ్ళు కాబట్టి, అందరూ ఒకే బల్ల చుట్టూ కదలకుండా కూర్చోవడానికి అంత విలువ అనిపిస్తుంది నాకు.

సైఫెన్ చర్చి 1779లో కట్టిన ఎనిమిది పలకల చిన్న కట్టడం. దాన్ని కూడా చెక్కలో చేసి, ముందు నల్ల అంగీల పాటగాళ్ళను నిలబెట్టి బల్ల మీద పెట్టుకుంటారు. ఒకరి చేతిలో లాంతరు, ఒకరి చేతిలో నక్షత్రం. ఇంటింటికీ తిరిగి పాడే బడిపిల్లల సంప్రదాయమది, మత సంస్కర్త మార్టిన్ లూథర్ కూడా చిన్నప్పుడు అలా తిరిగి పాడినవాడే. డిసెంబరు రాత్రుళ్ళు డప్పూ గిటారూ పట్టుకుని ఇంటింటికీ క్యారల్స్‌కు వెళ్ళే గుంటూరు, కృష్ణా జిల్లాల లూథరన్ పిల్లలకు ఆ బొమ్మలను ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

తూర్పు జర్మనీ కాలంలో చాలా కార్ఖానాలు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. విదేశీ డబ్బు కోసం మంచి సరుకంతా ఎగుమతైంది. 1990 తర్వాత చాలా కుటుంబాలు తమ పనిశాలలను తిరిగి తెచ్చుకున్నాయి. చెక్క బొమ్మల తయారీ నేర్పే చదువు సైఫెన్‌లో ఇప్పటికీ ఉంది. అయినా వలయం తిప్పేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. యంత్రాలతో కోసో ప్లాస్టిక్‌లో పోసో చేసి దూరదేశాల నుంచి చవగ్గా వచ్చే బొమ్మలను వీటి పక్కన పెడితే చూపుకు దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా ధర దగ్గరే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కెమ్నిట్స్‌లో, ఫ్రైబర్గ్‌లో, డ్రెస్డెన్‌లో ఇప్పుడు తెలుగు విద్యార్థులు చదువుకుంటున్నారు. సైఫెన్ అక్కడి నుంచి సెలవు రోజు వెళ్ళి రాగల దూరం. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన ఆదివారాల్లో రద్దీ ఎక్కువ, వీలైతే మామూలు రోజు వెళ్ళండి. ఊళ్ళో బొమ్మల మ్యూజియం ఉంది. దానికి చెందిన ఆరుబయటి మ్యూజియంలో 18వ శతాబ్దపు నీటి చక్రం లేత్‌శాల ఉంది. అక్కడ వలయం తిప్పడం కళ్ళారా చూడవచ్చు. వలయం చీలి మొదటి జంతువు ఊడి వచ్చేదాకా ఓపిక పట్టి నిలబడండి. తర్వాత బొమ్మల కొట్టుకు వెళితే ఒక పెద్ద పెట్టె కొనలేకపోయినా ఫరవాలేదు, వలయం నుంచి తీసిన ఒక్క గొర్రెనైనా కొనుక్కోండి. అడిగిన ధర ఇవ్వండి. ఆ ధరకు అది చవకే.